కరువు కాలువ మీద ‘పరక్కుం రైలు’

* బీచ్ నుంచి వేళచ్చేరికి 19 కిలోమీటర్లు
* కింద బకింగ్‌హాం కాలువ.. పైన రైలు
* స్టేషన్ స్టేషన్‌కూ తెలుగువారి జాడ
* కాలువను మింగిందన్న అపవాదు, ఐదు రూపాయల టికెట్ ఆసరా

చెన్నై: పార్క్ టౌన్ దాటగానే రైలు నేల విడిచి మెల్లగా పైకెక్కుతుంది. కాసేపటికి మిద్దెల మీద ఆరేసిన బట్టలు, నీళ్ల ట్యాంకులు, గుడి గోపురాలు కిటికీ ఎత్తులో కనిపిస్తాయి. తమిళులు దీనికి ‘పరక్కుం రైలు’ అని ముద్దుపేరు పెట్టారు. ఎగిరే రైలన్నమాట. చెన్నైలోని మనవాళ్లూ ఆ మాటే వాడతారు. రైల్వే కాగితాల మీద మాత్రం ఇది ఎం.ఆర్.టి.ఎస్. మార్గం. బీచ్ స్టేషన్‌లో బయలుదేరి, మెరీనా తీరానికి కాస్త లోపలగా దక్షిణానికి సాగి, తిరువాన్మియూర్ దాటాక పడమటికి తిరిగి వేళచ్చేరి చేరుతుంది. మొత్తం కలిపితే 19 కిలోమీటర్ల పైచిలుకు.

పైనుంచి కిందికి చూస్తే చాలాచోట్ల స్తంభాల నడుమ నల్లటి నీరు కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారు మురుగు కాలువ అనుకుంటారు. అది బకింగ్‌హాం కాలువ. పెదగంజాం నుంచి నెల్లూరు తీరం మీదుగా చెన్నపట్నం చేరిన జలమార్గం. ఒకప్పుడు తెలుగు తీరం నుంచి పట్నానికి సరుకు మోసిన దారి. ఆ దారి మీదే ఈ రైలు నిలబడింది. అందుకే ఈ చిన్న లైను చరిత్ర రైలుతో మొదలుకాదు, నీటితో మొదలవుతుంది.

సముద్రం లేని బీచ్ స్టేషన్

బీచ్ స్టేషన్‌లో దిగి సముద్రం కోసం వెతికేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఎదురుగా రాజాజీ సాలై, దాని వెనుక హార్బర్ గోడ. అలల జాడే ఉండదు. రాజాజీ సాలై పాత పేరు ఫస్ట్ లైన్ బీచ్. ఆ పేరే అసలు సంగతి చెబుతుంది. ఓడరేవు కట్టక ముందు అలలు ఈ వీధి దగ్గరి వరకూ వచ్చేవి. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మసూలా పడవల్లో మనుషుల్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చేవారు.

1870వ దశకంలో కృత్రిమ రేవు కట్టడం మొదలైంది. 1881 తుపానుకు ఆ కట్టడం బాగా దెబ్బతింది. మళ్లీ కట్టారు. సముద్రంలోకి రాతి గోడలు వెళ్లడంతో, తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక ఆగిపోయింది. రేవుకు దక్షిణాన ఇసుక మేట వేసింది. ఇవాళ మనం చూసే వెడల్పాటి మెరీనా అలా పెరిగిందే. రేవుకు ఉత్తరాన రాయపురం వైపు మాత్రం సముద్రం నేలను కోసుకుపోయింది. ఒకే రేవు ఒక పక్క ఇసుక పోసింది, ఇంకో పక్క ఊరు తిన్నది.

రాయపురానికి రైల్వే చరిత్రలో పెద్దపీటే ఉంది. దక్షిణాదిన తొలి ప్రయాణికుల రైలు 1856 జులై 1న అక్కడి నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. బీచ్ స్టేషన్‌కు పేరు తెచ్చింది మాత్రం కరెంటు రైలు. 1931 మే 11న బీచ్ - తాంబరం మధ్య మీటర్ గేజ్ ఎలక్ట్రిక్ రైళ్లు జనానికి అందుబాటులోకి వచ్చాయి. సుమారు 30 కిలోమీటర్ల ఆ మార్గం పక్కన మాంబళం, సైదాపేట, పల్లావరం లాంటి ఊళ్లు పట్నంలో కలిసిపోయాయి. రైలు వెళ్లినచోటికి ఊరు వెళ్తుందని చెన్నపట్నానికి మొదట నేర్పింది ఆ లైనే.

అయితే ఆ రైలు పట్నం పడమటి వైపు సాగింది. తీరం వైపున ఉన్న చేపాక్, తిరువళ్లిక్కేణి, మైలాపూర్, అడయార్ వాసులకు రైలు లేదు. ట్రామ్‌లు ఉన్నంతకాలం కొంత నడిచింది. 1953లో అవీ ఆగిపోయాయి. ఆ తర్వాత తీరప్రాంతానికి బస్సే గతి అయింది.

ధాత కరువులో తవ్విన కాలువ

రైలు రాకముందు ఆ తీరానికి ఉన్న పెద్ద దారి నీటి దారే. 1806లో చెన్నపట్నం నుంచి ఎన్నూరు దాకా ఒక ఉప్పునీటి కాలువ తవ్వారు. దాన్ని తవ్వించిన బేసిల్ కొక్రేన్ పేరిట కొక్రేన్ కాలువ అన్నారు. తర్వాత పులికాట్ సరస్సు వరకు పొడిగించారు. 1837లో ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది. అక్కడి నుంచి దశలవారీగా ఉత్తరాన కృష్ణా డెల్టా అంచున ఉన్న పెదగంజాం వరకు, దక్షిణాన మరక్కాణం వరకు సాగింది. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రలోనే ఉంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలవడంతో కృష్ణా, గోదావరి కాలువల మీదుగా కాకినాడ వరకు పడవ దారి ఏర్పడింది.

ఆంధ్ర నుంచి వచ్చే రైళ్లు సెంట్రల్ చేరేముందు బేసిన్ బ్రిడ్జి దగ్గర నిలబడిపోవడం మనందరికీ అనుభవమే. సిగ్నల్ కోసం విసుక్కునేవారిలో ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినవారు తక్కువ. ఈ కాలువ పడవలు ఆగే నీటి మడుగు, అంటే బేసిన్, అక్కడ ఉండేది. రైలు కన్నా ముందే ఆంధ్ర సరుకు దిగిన చోటు అది.

పట్నం నడిబొడ్డున కూవం నుంచి అడయార్ దాకా ఉన్న సుమారు 8 కిలోమీటర్ల ముక్కకు మాత్రం వేరే కథ ఉంది. 1876లో వానలు ముఖం చాటేశాయి. తెలుగు సంవత్సరం పేరు ధాత. అందుకే రాయలసీమలో నేటికీ దాన్ని ‘ధాత కరువు’ అంటారు. తమిళులు ‘తాదు వరుష పంజం’ అంటారు. రెండు భాషల్లోనూ ఒకటే సంవత్సరం, ఒకటే ఆకలి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు విలవిల్లాడాయి. దక్షిణాదిలో లక్షల మంది ప్రాణాలు పోయాయి.

జనానికి కూలి చూపించేందుకు ప్రభుత్వం కరువు పనులు మొదలుపెట్టింది. ఆ పనులకు 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి ఎంతో తెలుసా? మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే అర కిలో కన్నా తక్కువ గింజలు. ఆ తిండితో రోజంతా మట్టి మోయడం ఎలాగని అప్పట్లోనే వైద్యాధికారి డాక్టర్ కార్నిష్ నిలదీశారు. విమర్శలు పెరిగాక కొన్ని నెలలకు కూలి పెంచారు.

కూవంను అడయార్‌తో కలిపే కాలువ ఈ కరువు పనుల్లోనే తవ్వారు. అప్పటి గవర్నర్ బకింగ్‌హాం ప్రభువు. 1878లో మొత్తం కాలువకు ఆయన పేరే పెట్టారు. పార పట్టినవారి పేర్లు ఎక్కడా లేవు. ఇవాళ చేపాక్ నుంచి మందవెళి దాకా ఎగిరే రైలు సాగేది సరిగ్గా ఆ కరువు కాలువ వెంబడే.

పడవ పోయి.. రైలు వచ్చి..

కాలువ మీద ఆంధ్ర వైపు నుంచి బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు, గుల్లసున్నం వచ్చేవి. చెన్నపట్నం పొయ్యిల్లో మండిన వంటచెరకులో చాలా భాగం పడవెక్కి వచ్చిందే. గాలి ఉంటే తెరచాప. లేకపోతే గడకర్రతో తోయడం, గట్టు వెంట తాడు పట్టి లాగడం. పడవ మెల్లగా కదిలేది. కానీ బరువు సరుకు చౌకగా చేరేది. గట్టు మీద సత్రాలు, కొట్లు వెలిశాయి.

1899లో బెజవాడ - చెన్నపట్నం రైలు మార్గం పూర్తయింది. అదీ దాదాపు తీరం వెంబడే సాగింది. కాలువకు అది మొదటి దెబ్బ. ఆ తర్వాత లారీలు వచ్చాయి. 1960వ దశకం మధ్యలో వచ్చిన తుపాన్లు గట్లను దెబ్బతీసి పూడిక నింపాయి. పూడిక తీయించే ఆసక్తి ఎవరికీ లేకపోయింది. పట్నంలో మురుగు వచ్చి కాలువలో కలిసింది. నీటిమార్గం కాస్తా మురుగుదారి అయింది. రెండు గట్ల మీదా ఇల్లూ వాకిలీ లేని పేదలు గుడిసెలు వేసుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నగర రవాణా మీద సర్వేలు మొదలయ్యాయి. తీరప్రాంతంలో బస్సుల మీద భారం పెరిగింది. రైలు కావాలన్నారు. నేల మీద వేద్దామంటే మైలాపూర్ మాడవీధుల్లో, తిరువళ్లిక్కేణి సందుల్లో జాగా ఎక్కడిది? ఇళ్లు కూల్చి నష్టపరిహారం ఇవ్వాలంటే మాటలా? భూగర్భ రైలు కట్టడానికి డబ్బు చాలదు. అప్పుడు అందరి కళ్లూ కాలువ మీద పడ్డాయి. ఉత్తర దక్షిణాలుగా తిన్నగా ఉంది. ప్రభుత్వ ఆస్తి. పడవలు తిరగడం లేదు. స్తంభాలు కాలువ గట్టున, అవసరమైతే కాలువలోనే పాతితే సరిపోతుంది.

1983-84లో ఈ మార్గానికి ఆమోదం దక్కింది. ఈ ఒక్క నిర్ణయం రైలుకు దారి ఇచ్చింది, కాలువకు దారి మూసింది. కాలువ చచ్చిపోయిందన్న లెక్కతోనే పథకం గీశారు. ఆ లెక్క ఎంతవరకు సరైందన్నది తర్వాత వానలు తేల్చాయి.

నత్తనడకన ఎగిరే రైలు

ఆమోదానికీ తొలి రైలుకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి. నిధులు కొద్దికొద్దిగా విదిల్చారు. అంచనా వ్యయం పెరుగుతూ పోయింది. 1995 నవంబర్‌లో బీచ్ - చేపాక్ మధ్య రైళ్లు మొదలయ్యాయి. 1997 అక్టోబర్‌లో మైలాపూర్ చేరాయి. స్టేషన్ పేరు తిరుమయిలై. దేశంలో తొలి ఎలివేటెడ్ నగర రైలుగా దీనికి పేరొచ్చింది.

రెండో దశకు రాష్ట్ర ప్రభుత్వం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించాలని ఒప్పందం. 2004 జనవరి 26న తిరువాన్మియూర్ వరకు, 2007 నవంబర్ 19న వేళచ్చేరి వరకు రైలు వెళ్లింది. మైలాపూర్, లైట్ హౌస్ మధ్య ముండగ కన్నియమ్మన్ కోయిల్ స్టేషన్ మాత్రం 2014 ఏప్రిల్‌లో చేరింది. అంటే ఆమోదం పొందిన రోజు నుంచి వేళచ్చేరి చేరడానికి 24 ఏళ్లు పట్టింది. 1984లో పుట్టిన బిడ్డ డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగంలో చేరాక గానీ ఆ రైలెక్కలేదు.

మొదట్లో రైళ్లు ఖాళీగా తిరిగాయి. చేపాక్ దాకా రైలెక్కి మళ్లీ బస్సు పట్టుకోవడం ఎందుకని జనం బస్సుకే అంటిపెట్టుకున్నారు. స్టేషన్లను మాత్రం రాజభవనాల్లా కట్టారు. పై అంతస్తుల్లో దుకాణాలు, ఆఫీసులు వస్తాయనుకున్నారు. ఎక్కువచోట్ల రాలేదు. వెలుతురు లేని మెట్లు, పొడవాటి ఖాళీ హాళ్లు, గబ్బిలాలు. చీకటి పడ్డాక ఆడవాళ్లు ఒంటరిగా దిగడానికి జంకేవారు. బస్టాపు నుంచి స్టేషన్ గుమ్మానికి దారి వెతుక్కోవాల్సి వచ్చేది. కట్టడం పెద్దది, వసతి చిన్నది అన్న పేరు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

రాత మార్చింది ఐటీ. 2000లో తరమణిలో టైడల్ పార్క్ మొదలైంది. పాత మహాబలిపురం రోడ్డు పొడవునా కంపెనీలు వరుసకట్టాయి. రైలు తిరువాన్మియూర్ చేరాక టైడల్ పార్క్ నడిచి వెళ్లే దూరమైంది. అప్పటిదాకా వెలవెలబోయిన పెట్టెలు ఉదయం పూట కిక్కిరిశాయి.

స్టేషన్ స్టేషన్‌కూ మన జాడ

ఈ లైను బోర్డుల మీద తెలుగు అక్షరం ఉండదు. తమిళం, హిందీ, ఇంగ్లిషు అంతే. కానీ స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే తెలుగువారి గుర్తులు పలకరిస్తాయి.

పార్క్ టౌన్ సెంట్రల్‌కు ఎదురుగా ఉంటుంది. సూళ్లూరుపేట, తడ వైపు నుంచి పొద్దున్నే లోకల్ రైళ్లలో వచ్చేవారు సెంట్రల్‌లో దిగి, రోడ్డు కింది సబ్‌వే దాటి ఇక్కడ రైలు మారతారు. సరిహద్దుకు అటూ ఇటూ ఇల్లూ కొలువూ పెట్టుకున్న కుటుంబాలకు ఇది రోజువారీ కూడలి.

చింతాద్రిపేట 1734లో నేతగాళ్ల కోసం వెలిసింది. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న తరిపేటే చింతాద్రిపేట అయిందంటారు. కంపెనీ పెద్ద వర్తకుడిగా వెలిగి తర్వాత పదవి పోగొట్టుకున్న సుంకురామ శెట్టి తోటను తీసుకుని గవర్నర్ మోర్టన్ పిట్ ఈ పేట కట్టించారు.

చేపాక్‌లో దిగితే క్రికెట్ స్టేడియం పక్కనే. ఆ పక్కనే మద్రాసు విశ్వవిద్యాలయం, ప్రెసిడెన్సీ కాలేజీ. కొక్కొండ వెంకటరత్నం పంతులు తెలుగు పండితులుగా పనిచేసింది ఈ కాలేజీలోనే. సి.పి.బ్రౌన్ సేకరించిన తెలుగు రాతప్రతులు చేరిన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం దశాబ్దాల పాటు విశ్వవిద్యాలయ ఆవరణలోనే నడిచింది. తెలుగు సాహిత్య చరిత్ర రాసినవారెవరూ ఈ గుమ్మం తొక్కకుండా పని పూర్తి చేయలేదు.

తిరుమయిలై స్టేషన్ నుంచి లజ్ కూడలి అడుగుల దూరం. లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరిట వెలిసిన తోట అది. పొద్దున నడకకు వచ్చే మైలాపూర్ పెద్దలకు పార్కు తెలుసు, పంతులు ఎవరో తెలిసినవారు తగ్గిపోతున్నారు.

అదే లజ్ నుంచి రాయపేట హైరోడ్డులోకి తిరిగితే అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం వస్తుంది. బులుసు సాంబమూర్తి నివాసంలో 1952 అక్టోబర్ 19న ఆయన దీక్ష ప్రారంభించారు. డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, చెన్నపట్నం రాలేదు. ఆ తర్వాత ఇక్కడ మిగిలిపోయిన తెలుగువారికి ఆ భవనం కేవలం కట్టడం కాదు.

గ్రీన్‌వేస్ రోడ్ స్టేషన్‌కు దగ్గర్లో అడయార్ వంతెన దారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట రోడ్డు, ఆమె 1937లో ప్రారంభించిన ఆంధ్ర మహిళా సభ ఉన్నాయి. ఆస్పత్రి, చదువు, వృత్తి శిక్షణ అంటూ తమిళ, తెలుగు భేదం లేకుండా వేలాది ఆడపడుచులకు అండగా నిలిచిన సంస్థ.

ఇక తరమణి, పెరుంగుడి, వేళచ్చేరిలో కనిపించేది కొత్త తరం. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, తిరుపతి వైపు నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రకారు, హాస్టళ్లు, ఆంధ్రా మెస్సులు. వీరి తాతల కాలంలో బియ్యం, కట్టెలు వచ్చిన దారిలోనే ఇప్పుడు చదువుకున్న మనుషులు వస్తున్నారు. చాలామందికి కింది నీరు తమ ఊరి పక్క నుంచి వచ్చే కాలువేనన్న సంగతి తెలియదు.

చచ్చిందనుకున్న కాలువ

కాలువలో స్తంభాలు పాతాక మిగిలిన నీటిదారి ఇరుకైంది. కొన్ని స్టేషన్లు కాలువను ఆనుకుని, దాన్ని కమ్ముకుని లేచాయి. స్తంభాల చుట్టూ చెత్త, పూడిక చేరాయి. ఎండాకాలం దోమలు, కంపు. వానాకాలం వరద. తీరానికి సమాంతరంగా సాగే ఈ కాలువకు అసలు పని వాన నీటిని ఇటు కూవంకు, అటు అడయార్‌కు, ముఖద్వారాల మీదుగా సముద్రానికి చేర్చడం. ఆ గొంతు ఇరుకైతే నీరు వీధుల్లోనే నిలబడుతుంది.

2004 డిసెంబర్ 26 సునామీ నాడు కాలువ విలువ మరోసారి తెలిసింది. తీరం మీదికి దూసుకొచ్చిన నీటిలో కొంత కాలువలో పడి, దాని వెంట పారి, మళ్లీ సముద్రంలోకి వెళ్లిందని, దాంతో ఆంధ్ర తీరంలో కాలువ వెనుక ఉన్న ఊళ్లకు ముప్పు తగ్గిందని తర్వాత అధ్యయనాలు రాశారు. పనికిరాదనుకున్న నీటిదారి కాపలా కాసిందన్నమాట.

2015 డిసెంబర్‌లో చెన్నై మునిగింది. వేళచ్చేరి వీధుల్లో పడవలు తిరిగాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను మళ్లీ ముంచింది. ఆ తుపాను చెన్నైని రెండు రోజులు వానతో ముంచెత్తి, ఉత్తరంగా కదిలి డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. బకింగ్‌హాం కాలువ ఉత్తరపు కొస పెదగంజాం ఆ బాపట్ల తీరంలోనే ఉంది. కాలువ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తుపాను దెబ్బ తిన్నది. రాష్ట్రాల సరిహద్దు గాలివానకు తెలియదు.

2008 నవంబర్‌లో కాకినాడ - పుదుచ్చేరి నీటిమార్గాన్ని కేంద్రం నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. పడవలు మళ్లీ వస్తాయన్న ఆశ పుట్టింది. మ్యాపు మీద గీత చెన్నై నగరం మీదుగానే వెళ్తుంది. నగరంలో మాత్రం ఆ గీత మీద రైలు స్తంభాలున్నాయి. వాటిని పీకడం సాధ్యం కాదు. పడవ దారి సంగతి పక్కనపెట్టినా, స్తంభాల మధ్య నీరైనా సాఫీగా పారాలన్నది ఇవాళ్టి అవసరం.

మూల్యం చెల్లించినవారు ఇంకొకరున్నారు. కాలువ గట్ల మీద బతికిన కుటుంబాలు. రైలు కోసమని, వరద కోసమని, సుందరీకరణ కోసమని పలు దఫాలుగా వారిని ఖాళీ చేయించారు. కన్నగి నగర్, పెరుంబాక్కం లాంటి శివారు కాలనీలకు పంపారు. ఇల్లు పక్కాదే, పని మాత్రం పాతచోటే మిగిలింది. మైలాపూర్ ఇళ్లలో పనిచేసే మనిషికి పొద్దున్నే ఇరవై కిలోమీటర్ల బస్సు ప్రయాణం మీద పడింది. ఎవరి గుడిసె తీసి రైలు వేశారో, ఆ రైలు వారు వెళ్లినచోటికి వెళ్లలేదు.

ఐదు రూపాయల టికెట్

ఇన్ని లోపాలున్నా ఈ రైలును వదులుకునేందుకు జనం సిద్ధంగా లేరు. కారణం ఒక్కటే, టికెట్ ధర. సబర్బన్ రైలులో కనీస చార్జీ ఐదు రూపాయలు. నెల పాసు తీసుకుంటే ఇంకా కలిసొస్తుంది. మెట్రోలో కనీస చార్జీయే పది. చిన్న జీతం మీద బతికే సేల్స్‌గర్ల్, ఆస్పత్రి ఆయా, కొరియర్ కుర్రాడు, కాలేజీ విద్యార్థి ఈ తేడాను పైసలతో సహా లెక్కపెడతారు.

రైలు లేకపోతే ఎలా ఉంటుందో 2023లో తెలిసొచ్చింది. బీచ్ - ఎగ్మోర్ మధ్య నాలుగో లైను పనుల కోసం ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి బీచ్ - చింతాద్రిపేట మధ్య ఈ రైళ్లు ఆపేశారు. ఏడు నెలల్లో పూర్తవుతుందన్నారు. పద్నాలుగు నెలలు పట్టింది. 2024 అక్టోబర్ 29న గానీ మళ్లీ బీచ్ చేరలేదు. అన్నాళ్లూ సెంట్రల్‌లో దిగినవారు చింతాద్రిపేట దాకా నడిచో, బస్సెక్కో, ఆటోకు డబ్బు పోసో రైలందుకున్నారు. సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చేవారికి అది రోజూ అదనపు ఖర్చు, అదనపు గంట.

వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్‌కు 5 కిలోమీటర్ల పొడిగింపు ఇంకో పాఠం. 2008లో పని మొదలైంది. చాలామటుకు స్తంభాలు లేచాయి. ఆదంబాక్కం దగ్గర సుమారు అర కిలోమీటరు భూమి విషయంలో వ్యాజ్యం నడిచి పదేళ్లకు పైగా పని నిలిచింది. 2022లో మళ్లీ మొదలుపెట్టారు. కాలువ మీద జాగా చౌకగా దొరికింది కాబట్టి రైలు అంత దూరం వెళ్లింది. మనుషులకు సొంత భూమి ఉన్నచోట అర కిలోమీటరుకు అన్నేళ్లు ఆగింది. గట్టు మీది పేదలకు పట్టా లేదు, అందుకే అక్కడ పని ఆగలేదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే లైను చరిత్ర సగం అర్థమవుతుంది.

ఈ మార్గాన్ని చెన్నై మెట్రోలో కలపాలన్న చర్చ ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. మెట్రో రెండో దశ కూడా మైలాపూర్ మీదుగా, లైట్ హౌస్ నుంచి వెళ్లేలా గీశారు. రెండూ ఒకే గొడుగు కిందికి వస్తే ఒకే టికెట్, లిఫ్టులు, దీపాలు, తరచూ రైళ్లు వస్తాయన్నది ఒక వాదన. అన్నీ వచ్చి ఐదు రూపాయల టికెట్ పోతే ఎవరి కోసమన్నది రెండో వాదన. రెండింటిలోనూ నిజముంది. దీపాలు కావాలి. దీపాల కోసం ఆయాను రైలు దింపెయ్యకూడదు.

ఈ చర్చల్లో మరో పేరు కూడా వినిపించాలి. అది కాలువ. స్టేషన్ బాగుచేసే ప్రతి పథకంలో దాని కింది నీటిదారికీ ఒక పద్దు రాయాలి. స్తంభాల చుట్టూ పూడిక తీయాలి, మురుగు కలవకుండా అడ్డుకట్ట వేయాలి. 1877లో దీన్ని తవ్వినవారు అర కిలో గింజల కోసం పార పట్టారు. దాని మీద రైలు వేసినవారు చౌకగా జాగా దొరికిందనుకున్నారు. ఆ చౌకకు అసలు ధర ఎంతన్నది ప్రతి కార్తీకంలోనూ వేళచ్చేరి వీధులు లెక్క చెబుతూనే ఉన్నాయి.